శనివారం కుర్చీ

నాకు మొదట వచ్చిన అక్షరాలు తెలుగువి కావు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది. గోదావరి లంకలో పుట్టి, యాభై ఎనిమిదేళ్ళు వేలిముద్రతో నెట్టుకొచ్చి, ఆఖరికి దుబాయ్‌లో, డేరా అనే పేటలో, నైఫ్ బజారు వెనక సందులో, జడలల్లే ఒక నైజీరియా పిల్ల పక్కన నిలబడి ఏబీసీడీలు నేర్చుకున్నాను. తెలుగు ఆ తర్వాత వచ్చింది.

కరోనా వచ్చిన ఏడు నేను వంట చేసే రెండిళ్ళ వాళ్ళూ రావద్దన్నారు. అన్నీ మళ్ళీ తెరిచాక ఒకరు పిలవనే లేదు, రెండోవాళ్ళు దేశమే వదిలిపోయారు. మేముండే బిల్డింగ్ కింద ఆఫ్రికా ఆడవాళ్ళ సలూన్ ఉంది. ఊడవడానికి మనిషి కావాలంటే వెళ్ళి అడిగాను. ఆ యజమానురాలే నా వీసాకి పూచీ పడి కఫీల్ కూడా అయింది. ఊడవడం చిన్న పని. అసలు పని, సవరం జుట్టు కట్టలు విప్పి, పాయలుగా విడదీసి, చిక్కు లేకుండా అల్లేవాళ్ళ చేతికి అందించడం. వాళ్ళ జడలు మన జడల్లాంటివి కావు. తలంతా సన్నటి పాయలు. ఒక్క తలకి ఐదారు గంటలు పడుతుంది.

నేను ఎవరికి పాయలు అందించానో ఆ పిల్లకి ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను మమా అనేది. మా ఇద్దరి భాష ముక్కల ఇంగ్లీషు, మధ్యలో యల్లా, ఖలాస్ లాంటి అరబ్బీ మాటలు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ ఆ మాటలన్నీ అలా విరిగిన మాటలే.

ఆ పిల్ల ఫోనులో, గొంతు రికార్డు చేసో రాసో మాటలు పంపుకునే గుంపు ఒకటి ఉండేది. అంతా నైజీరియావాళ్ళు. కొందరు ఇక్కడ, కొందరు వాళ్ళ దేశంలో, కొందరు ఎక్కడెక్కడో. ఇబాదాన్ అనే ఊళ్ళో ఉండే రిటైరైన హెడ్మాస్టరు దానికి పెద్ద. గుంపులోకి వచ్చినవాళ్ళు ముందు అందరినీ పలకరించాలి. పలకరించకుండా విషయంలోకి దిగితే ఆయన చీవాట్లు పెడతాడు. వారమంతా కరెంటు గురించి, పెట్రోలు గురించి, గుంటలు పడ్డ రోడ్ల గురించి, పాస్‌పోర్టు ఆఫీసులో లైన్ల గురించి వాదించుకునేవాళ్ళు. ఆ గొంతులు వింటుంటే మా లంకలో టీ బడ్డీ దగ్గర కూర్చున్నట్టే ఉండేది. భాష అర్థం కాకపోయినా, ఎవడు ఎమ్మెల్యేని తిడుతున్నాడో గొంతును బట్టి తెలిసిపోతుంది.

శనివారం మధ్యాహ్నం మాత్రం ఆట. హెడ్మాస్టరు ఒక పొడుగాటి ఇంగ్లీషు మాట ఇస్తాడు. అందులో ఉన్న అక్షరాలతోనే చిన్న చిన్న మాటలు అల్లి పంపాలి. ఇరవై నిమిషాలు టైము. ఎవరివి ఎక్కువైతే వాళ్ళది కుర్చీ. కుర్చీ అంటే నిజం కుర్చీ కాదు. వచ్చే వారం గుంపంతా దేని గురించి మాట్లాడాలో గెలిచినవాళ్ళే చెబుతారు. ఆ వారం ఇంకెవరూ మాట మార్చకూడదు. గుంపులో లాయరు ఉన్నాడు, ఇంజనీరు ఉన్నాడు, ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళున్నారు. కాబట్టి కుర్చీ దక్కితే ఊరికే పేరు కాదు, పని జరుగుతుంది.

ఆ పిల్లకి చేతులు ఖాళీ ఉండవు. నాకు చేతులున్నాయి, అక్షరాలు లేవు. ఒకరోజు కనుబొమ్మల పెన్సిల్ తీసుకుని అద్దం అంచు పొడుగునా అక్షరాలన్నీ రాసింది. తను అల్లుతూ ఒక్కో అక్షరం పలికేది. నేను అద్దం మీద వెతికి, దాన్ని ఫోనులో వెతికి, నొక్కేదాన్ని. కుర్చీలో కూర్చున్న కస్టమర్లు నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఆర్నెల్లకి అద్దం వైపు చూడక్కర్లేకుండా పోయింది.

ఇలా వేరే మనిషి చేత నొక్కించుకోవచ్చా అని తను హెడ్మాస్టరుని ముందే అడిగింది. "చేతులు ఎవరివైనా సరే, తల మాత్రం నీదే అయ్యుండాలి" అన్నాడు.

మా పక్క టైలరింగ్ షాపులో కడప నుంచి వచ్చిన ఒకామె ఉంది. నాతో పాటే ఒక గదిలో ఉంటుంది. పది దాకా చదివింది. నన్ను చూసి ఒకటే ఎకసెక్కం.

"ఏమక్కా, రేపు కలెక్టరు పరీక్ష రాస్తావా ఏంది? సొంత భాషలో సంతకం రాదు గానీ ఇంగ్లీషులో ఆటలంట!"

"నువ్వు నేర్పావా ఏంటే? నేర్పినోళ్ళ దగ్గర నేర్చుకుంటాను."

ఆ మాట ఆమెకి తగిలింది. ఆ వారమే పాత బిల్లు కాగితం వెనక 'అ' రాసి నా ముందు పెట్టింది. నేనిప్పుడు ఇది రాస్తున్నానంటే ఆమె పుణ్యమే. కానీ అసలు సంగతి అది కాదు.

జడల పిల్ల వాళ్ళమ్మ ఊళ్ళో ఇంటికీ సంతకీ మధ్య ఒక వాగుంది. వాగు మీద తూము వానలకి కొట్టుకుపోయింది. తల్లి పొగబెట్టిన చేపలు అమ్ముకుంటుంది. చేపల బేసిను నెత్తిన పెట్టుకుని, రెండు చెక్కల మీద నడిచి అవతలికి వెళ్ళాలి. ఒకసారి జారి మోకాలు చితికింది. కౌన్సిల్ ఆఫీసు చుట్టూ ఎవరు తిరిగినా, చూస్తాం అంటున్నారట. మళ్ళీ వానలు మొదలైతే ఆ రెండు చెక్కలూ ఉండవు. ఆలోగా కుర్చీ గెలవాలని ఈ పిల్ల పట్టుదల. 

నాకు ఆ బాధ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. లంకలో బడికి వెళ్ళాలంటే పడవెక్కాలి. ఆడపిల్లకి పడవెందుకని మా నాన్న నన్ను గట్టు మీదే ఆపేశాడు. అంతే నా చదువు.

ఒక శనివారం హెడ్మాస్టరు 'సూపర్‌మార్కెట్' ఇచ్చాడు. తను చకచకా చెబుతోంది, నేను నొక్కుతున్నాను. ఆ రోజు కస్టమరు కుదురుగా కూర్చోదు. "లాగుతున్నావు, నెప్పి" అని ఒకటే గోల. టైము ఇంకా రెండు నిమిషాలుండగానే, "ఖలాస్ మమా, ఇంకేం తట్టట్లేదు, పంపేయ్" అంది.

పంపబోతూ ఆ పెద్ద మాట వైపు చూశాను. అందులో టమాటా డబ్బా కనబడింది నాకు. పన్నెండేళ్ళు వంటిళ్ళలో తెరిచిన డబ్బా. టమాటా బొమ్మ కింద ఉండే మాట, ప్యూరీ. ఒక్కో అక్షరం వెతుక్కున్నాను, అన్నీ ఉన్నాయి. నొక్కాను. పంపేశాను.  పుట్టాక మొదటిసారి ఒక మాట నాకు దానంతటది కనబడింది.

కుర్చీ మాకే వచ్చింది. ఒకే ఒక్క మాట తేడాతో. హెడ్మాస్టరు గొంతు ఫోనులోంచి వినబడింది. "ప్యూరీ ఇంకెవరికీ తట్టలేదు. శభాష్! ఈ వంటింటి మాట నీకెలా దొరికింది తల్లీ?"

ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి.

"మమా, అది నేను చెప్పానా?"

"చెప్పలేదు. నాకు కనబడింది. కొట్టాను."

"నీకు కనబడిందా? నీకే?" అని అరిచి, అల్లుతున్న జడ వదిలేసి నన్ను గట్టిగా కౌగలించుకుంది. కస్టమరు కూడా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మెల్లగా తన చేతులు నా భుజాల మీంచి జారిపోయాయి. మొహం వాడిపోయింది. తల మాత్రం నీదే అయ్యుండాలన్న హెడ్మాస్టరు మాట నాకప్పటికి గానీ గుర్తు రాలేదు.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నేనన్నది ఇదీ. "ఊరుకోవే, ఎవడికి తెలుస్తుంది? మీ అమ్మ చెక్కల మీద నడుస్తుంటే నీకీ నీతులెందుకు?"

"మా అమ్మకి తెలిసిందంటే ఆ తూము మీద కాలు కూడా పెట్టదు, మమా. ఈదుకుంటూ పోతుంది."

అని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని అంతా చెప్పేసింది.  గుంపులోంచి వచ్చిపడ్డాయి మాటలు.

"ఇండియా నుంచి ప్లేయర్ని కొనుక్కొచ్చింది!"

"ట్రాన్స్‌ఫర్ ఎంతకి కుదిరిందమ్మా?"

"రెండు తలలున్నాయి, రెండు కుర్చీలు వేయండి!"

హెడ్మాస్టరు అందరినీ ఆపి, ఆ పెద్దావిడని పిలవమన్నాడు. నేను ఫోను లాక్కుని, "తప్పు నాది సార్, పిల్లది కాదు" అన్నాను.

"ముందు గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పండి, మేడమ్."

ఒళ్ళు మండింది గానీ చెప్పాను. "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్. తప్పు నాది."

"మీ వయసెంత?"

చెప్పాను.  "అయితే మీరు నాకన్నా ఏడాది పెద్ద. నేనే ముందు పలకరించాలి. గుడ్ ఆఫ్టర్‌నూన్, అమ్మా. తప్పు నాది."

గుంపంతా ఒకటే నవ్వు. మా దేశంలో చదువుకున్న మగవాడెవడూ అంతవరకూ నాకు క్షమాపణ చెప్పలేదు. ఫోనులో మొహం కనబడదు కదా, కళ్ళు తుడుచుకున్నాను.

కానీ ఆయన తీర్పు మాత్రం మెత్తగా లేదు. ఆ మాట కొట్టేశాడు. కొట్టేస్తే ఇద్దరు సమానం. రూల్ తప్పినందుకు కుర్చీ రెండో మనిషికి పోయింది. అతను అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఫ్యాక్టరీల దగ్గర ట్రక్కు నడుపుతాడు. వారమంతా నైజీరియాలో వాళ్ళ వీధి కరెంటు గురించే మాట్లాడించాడు. ఆ వారం జడల పిల్ల నాతో పాయలు ఇవ్వమనడం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

గదిలో కడపామె సరేసరి. "గెలిచిన పిల్లని ఓడగొడితివి గదక్కా!"

నాలుగో రోజున నా ఫోను మోగింది. హెడ్మాస్టరు నన్ను గుంపులో చేర్చాడు. "అమ్మది వేరే తల. వేరే ఫోను. తన పేరు మీదే ఆడాలి" అని రాశాడు. కూడబలుక్కుని చదివాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ పొంగులో ఒక సంగతి తోచలేదు. శనివారం వచ్చింది. నేను నా ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల చేతులు జుట్టులో ఉన్నాయి. నొక్కేదెవరు? మధ్యమధ్య చేతులు తుడుచుకుని తనే నొక్కింది, ఓడిపోయింది. పై వారమూ అంతే. నేను ఆడను, నీకే నొక్కుతానంటే కసిరింది. 

"నీ పేరు అక్కడుంది మమా. ఆయన పెట్టాడు. తీస్తే నేనొప్పుకోను."

నేనేమో మూడు మాటలు, నాలుగు మాటలు పంపి ప్రతి వారం అందరికన్నా చివర. ఆ మూడు మాటల కోసం తన తల్లి తూము ఆగిపోయిందని నాకు అన్నం సయించేది కాదు. అక్కడ మబ్బులు పడుతున్నాయని వాళ్ళమ్మ చెబుతోంది.

గదిలో ఒకరోజు ఇదంతా గొణుక్కుంటుంటే కడపామె సూది ఆపి విన్నది.

"ఇంతేనా? శనివారం మధ్యాహ్నం తిండికి నాకు గంట సెలవుంటాది. నేనొచ్చి నొక్కుతా పో."

"నీ అన్నమో?"

"ఆ గడ్డి ఆదివారం తింటాలే. యాడికీ పోదు."

హెడ్మాస్టరుకి ముందే చెప్పాం, కొత్త చేతులని. కడపామె కుట్టుమిషను తొక్కే మనిషి. వేళ్ళు ఎలా పరుగెడతాయో! ఈ పిల్ల నోరు తెరిచేలోపు అక్షరం పడేది. "ఇంగ యేంది, చెప్పు చెప్పు" అని తొందరపెట్టేది. ఆ పిల్లకి తెలుగు ఒక్క ముక్క రాదు గానీ ఆ కేకలకే మాటలు తన్నుకొచ్చాయి. మొదటి శనివారమే కుర్చీ గెలిచింది. నేనెప్పటిలాగే చివర. అంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు నేను.

ఆ వారం వాగు మీదే వాదన. ఒకడు కౌన్సిల్‌ని తిట్టాడు. ఒకావిడ, కాలవలో చెత్త పోసేది మనమే కదా అని అందరినీ తిట్టింది. ఇంజనీరు ఎలాంటి పైపులు కావాలో చెప్పాడు. ముసఫ్ఫా ట్రక్కతను, తన తమ్ముడు ఆ చుట్టుపక్కలే ఉంటాడని చెప్పి, ఫోటోలు తీయించి పంపాడు. హెడ్మాస్టరు అర్జీ రాశాడు. ఆ ఊరికి దగ్గర్లో ఉండే ఒక టీచరమ్మ దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్ళింది. ఒకసారి కాదు. సారు లేడంటే రేపొస్తాననేది, రేపు వెళ్ళేది. వీళ్ళెవరూ ఒకరినొకరు కళ్ళతో చూసుకున్నవాళ్ళు కాదు. నేనైతే ఆ దేశపు మట్టి కూడా తొక్కలేదు. అయినా ఆ అర్జీ కింద ఉన్న పేర్లలో నాది కూడా ఉంది. హెడ్మాస్టరు అడిగి మరీ పెట్టించాడు. ఏ ప్రభుత్వానికైనా నేను వేలు కాకుండా పేరు ఇచ్చింది అదే మొదలు.

పైపులు వచ్చాయి. వానలు అప్పటికే ఒకటి రెండు పడ్డాయి, అయినా వచ్చాయి.

ఒక మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది వాళ్ళమ్మ. ఎవరో పక్కింటామె ఫోను పట్టుకుంది. నెత్తిన బేసినుతో ఆ ముసలావిడ తూము మీద ఇటు నుంచి అటు నడిచింది. సలూన్‌లో ఒక్క చేయీ ఆడటం లేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా సగం జడలతో లేచి నిలబడ్డారు. ఆవిడ అవతలి ఒడ్డున ఆగి, నవ్వుతుందనుకున్నాం. మొహం చిట్లించి ఏదో అంది. కూతురు పకపకా నవ్వింది.

"ఏమంటుందే?" అన్నాను.

"పైపు సన్నమట. పెద్ద వానొస్తే నీళ్ళు పైనుంచి పోతాయట. ఎవడు కొలిచాడు ఇది అంటోంది."

ముసలావిడ మాట నిజమే. నీళ్ళ పక్కన పుట్టినదాన్ని, నాకూ చూడగానే అలాగే అనిపించింది. 

"నాదీ అదే మాటని చెప్పు మీ అమ్మకి. ఈసారి కుర్చీ నాకొస్తే పెద్ద పైపు అడుగుతాను."

తను ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. ఆవిడ బేసిను దింపుకుని, ఫోనులోకి వంగి, నావైపు తేరిపార చూసి ఏదో అడిగింది.

"నువ్వు ఎన్ని మాటలు చేస్తావని అడుగుతోంది, మమా."

"నాలుగు."

ఆవిడ విని, తల అడ్డంగా ఊపింది. కూతురు నవ్వాపుకుంటూ చెప్పింది, "వానలు నీకోసం ఆగవంటోంది. త్వరగా నేర్చుకోమంటోంది."