చేదు సొరకాయ

గిద్దలూరులో మేము నడిపే రైతుల సంతకు అది రెండో వేసవి. కొమరోలు, కంభం వైపు పల్లెల నుంచి రైతులు, ఎక్కువగా ఆడవాళ్లు, ఆదివారం తొలి బస్సుకే బుట్టలు ఎత్తుకుని వచ్చేవారు. ఊళ్లోవాళ్లు కూరగాయలు కొనుక్కుని వెళ్లిపోవడమే కాకుండా కాసేపు నిలబడాలని వారానికి ఏదో ఒకటి పెట్టేవాళ్లం. ఒక వారం కొర్రలతో వంటలు, ఒక వారం షుగరు పరీక్ష, ఇంకో వారం మిద్దె మీద ఆకుకూరలు పెంచే పద్ధతి. ఆ వారం, ఎండకు చలువ చేస్తుందని, సొరకాయ రసం.

శనివారం పొద్దు వాలేసరికే నాకు ఒకటే ఆలోచన. రైతులు రాకపోతే కొనేవాళ్లకు ఏం చెప్పాలి, కొనేవాళ్లు రాకపోతే రైతుల ముఖం ఎట్లా చూడాలి అని. నేను భయపడిన వాటిలో సొరకాయ మాత్రం ఎన్నడూ లేదు.

ఆ కాయలు కొమరోలు దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయివి. భర్త బెంగళూరులో కూలి పనికి పోయాడు. ఇంటి దగ్గర అత్త, ఇద్దరు ఆడపిల్లలు, కొంచెం చేను. మా జట్టులో ఒకామె ఆ కాయల చెక్కు తీసి, మిక్సీలో వేసి, అల్లం, నిమ్మరసం కలిపి గ్లాసుల్లో పోస్తోంది. మొదట తాగినవాళ్లు బాగుందన్నారు. కొత్త జగ్గు కలిపాక ఒకతను నోట్లో పోసుకుని పక్కకు ఉమ్మేశాడు.

"ఏందిది, విషం లెక్క ఉండాది!"

నేను అటు పరుగెత్తేలోపు, రిటైరైన లెక్కల మాస్టారు అదే జగ్గులోని రసం గ్లాసెడు తాగేసి మూతి తుడుచుకుంటున్నారు.

"చేదుగా లేదా సార్?"

"చేదే. షుగరుకు చేదు మంచిదే గదమ్మా" అని నవ్వారు.

జగ్గులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఆ చేదు గొంతులోకి పాకింది. కాకరకాయ చేదులా లేదు. మిగిలిందంతా పారబోయించాను. కాసేపటికే మాస్టారు గోడవారన కూలబడి వాంతులు మొదలుపెట్టారు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. సొరకాయ అమ్మాయి బుట్ట అక్కడే వదిలేసి మా వెనకే వచ్చింది.

డాక్టరు సెలైన్ పెట్టించి, ఏం తాగారని అడిగాడు. చెప్పాను.

"చేదు సొరకాయ విషమేనమ్మా. నీళ్లు చాలక, ఎండకు ఒక్కో కాయ అట్ల అవుతాది. బీపీ బాగా పడిపోయింది. రేపటి దాకా ఏమీ చెప్పలేను."

ఈలోగా మాస్టారి భార్య వచ్చింది. మంచం మీద ఆయన్ను చూసి, నా వైపు తిరిగి, "మీ మీద నమ్మకంతో పంపిస్తి గదమ్మా. ఏం తాపిచ్చినారు?" అంది. అంతలో ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, ఆ పాదు కాయే ఒకటి మా అత్తకిచ్చి వచ్చినా. పిల్లోళ్లకు కూర చెయ్యమని చెప్పినా."

ఇంటికి ఫోను చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. పక్కింటి వాళ్ల ఫోను స్విచాఫ్. బస్సు కోసం నిలబడే ఓపిక మా ఇద్దరిలో ఎవరికీ లేదు. రసం తీసిన మా జట్టు ఆమెను మాస్టారి దగ్గర ఉండమని చెప్పి స్కూటీ తీశాను. గుమ్మం దాటుతుంటే ఆయన భార్య నన్నే చూస్తోంది. తప్పించుకుని పోతున్నాననే అనుకుని ఉంటుంది.

దారి పొడవునా వేడిగాలి. వెనక కూర్చుని ఆమె ఫోను చేస్తూనే ఉంది. మోత నా చెవికీ వినబడుతోంది.

"ఎత్తడంల్యా అక్కా." తనలో తాను అనుకున్నట్టు, "బోరు సరిగ్గా పోస్తే గదా. మిరపకు పోను మిగిలిన నీళ్లే ఆ పాదుకు పెడితి" అంది.

స్కూటీ పూర్తిగా ఆగకముందే దూకింది. వసారాలో చాప మీద చిన్నపిల్ల కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆమె పిల్లను రెండు చేతులా ఎత్తి కుదిపేసింది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విన్నాక నా ప్రాణం కుదుటపడింది.

లోపలి నుంచి అత్త వచ్చింది. "నిద్రపోయే బిడ్డను ఏందే అట్ల కుదుపుతాండావు?"

"కూర చేసినావా అత్తా? సొరకాయ?"

"ఏం కాయ అది! ముక్క కొరికితే వట్టి చేదు. దిబ్బలో పారేసి పిల్లోళ్లకు ఊరగాయేసి అన్నం పెట్టినా. పెద్దది తిని ఆడుకోను పోయింది."

ఫోను లోపలింట్లో ఛార్జింగులో ఉంది. ముసలామెకు చెవులు సరిగ్గా వినబడవు.

ఆ అమ్మాయి గడప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, కొడవలి తీసుకుని పందిరి దగ్గరకు పోయి సొరపాదు మొదలు కోసేసింది. పైన ఇంకా లేత పిందెలు వేలాడుతున్నాయి. అన్నీ చేదు కావేమో అందామనుకున్నాను. కానీ ఆ మాటకు పూచీ ఎవరు?

సాయంత్రానికి మాస్టారి బీపీ నిలబడింది. మర్నాడు, పిల్లల కోసం పల్లెకు పోయిన సంగతి ఇద్దరికీ చెప్పాను. ఆయన నాతో మాట్లాడారు కూడా. "చేదని తెలిసే తాగినా గదా, మిమ్మల్ని అనడమెందుకు" అన్నారు. ఆయన భార్య మాత్రం కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నిటిలో సంతలో విషం తాగించారని తిరిగింది. తర్వాతి ఆదివారం రైతులు వచ్చినంత మంది కూడా కొనేవాళ్లు రాలేదు. మధ్యాహ్నం వాడిన ఆకుకూరలు మళ్లీ మూట కడుతుంటే ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కొమరోలు అమ్మాయి ఆ వారమూ రాలేదు, పై వారమూ రాలేదు. ఫోను చేస్తే, "నేనొస్తే మీ సంతకే చెడ్డపేరక్కా" అంది.

బతిమాలితే చివరికి ఒక ఆదివారం దోసకాయలు తెచ్చి ఒక మూలన కూర్చుంది. ఆ రోజే మాస్టారూ, ఆయన భార్యా వచ్చారు. ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా ఆ మూలకే నడిచింది. నేను ఉన్నచోటే నిలబడిపోయాను.

"నువ్వే గదా ఆ సొరకాయలు తెచ్చింది?"

"నేనే పెద్దమ్మా."

"ఇవి చేదు ల్యావా?"

అమ్మాయి ఒక కాయ కోసి ముక్క నోట్లో వేసుకుంది. ఆమె మింగేదాకా పెద్దావిడ కళ్లార్పకుండా చూసింది. తర్వాత తానూ ఒక ముక్క తీసుకుని, నమిలి, సంచి తెరిచింది.

"ఒక కిలో తూచు. పిల్లోళ్లు బాగుండారా?"

సంత ఇప్పటికీ నడుస్తోంది. రుచి చూడనిదే మేం ఎవరికీ ఏదీ ఇవ్వడం లేదు. అయినా ఎవరైనా గ్లాసు పైకెత్తితే చాలు, మాట్లాడుతున్న మాట మధ్యలోనే ఆపేసి వాళ్ల ముఖంలోకి చూస్తుంటాను.