ఉత్తరం చదివింది మా సూరన్నే

రాజమంద్రి ఇంగ్లీషు బడి నుంచి ఈ రోజు ఉత్తరం వచ్చింది. మా అబ్బాయి సూరన్న చేత అర్జీ పెట్టించి రెండు నెలలు దాటింది. మా ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగేది వాడొక్కడే. అయినా ముందుగా వాడి చేతికివ్వడానికి ధైర్యం చాలక, పడవెక్కి గన్నవరం వెళ్లి కాలవ పనుల గుమాస్తాగారికి చూపించాను.

“కుర్రాడికి వయసు దాటిపోయిందటండి. చేర్చుకోవడం కుదరదని రాసేరు,” అన్నారాయన.

“ఆయ్,” అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి, లక్క కరిగించి ఉత్తరం మళ్లీ అతికించి, ఏమీ ఎరగనట్టు వాడికిచ్చాను. వాళ్లమ్మ పొయ్యి వదిలేసి వచ్చి నిలబడింది. వాడు రెండుసార్లు లోపల్లోపల చదువుకున్నాడు.

“ఏం రాసేర్రా?”

“వచ్చే ఏడు రమ్మన్నారండి నాన్నగారూ.”

“సరే, ఏడాదెంతలో తిరుగుతుందిలే,” అన్నాను.

వాళ్లమ్మ, ప్రయాణానికని కుట్టించిన కొత్త చొక్కా మడతపెడుతూ, “వచ్చే ఏటికి ఇది వీడికి పొట్టయిపోదుటండీ?” అంది.

“అవదు,” అన్నాం వాడూ నేనూ ఒక్కసారే. అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు కాస్త చెప్పండి. ఆవిడకి అసలు సంగతి మా ఇద్దరిలో ఎవరు చెప్పాలి? చొక్కా అప్పుడే పెట్టెలో పెట్టేసింది.