నేనేరిన విత్తనం

నా కళ్ళకు నడిమి చూపు పోయి రెండేళ్ళయింది. అంచులు మిగిలాయి. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడాలంటే ఆ మనిషి చెవి పక్కకు చూడాలి. ఈ సంగతి తెలియక మా ఆడబిడ్డ ఒక పెళ్ళిలో, "మాట్లాడేది నాతో, చూసేది యాడనో. కండ్లు నెత్తికెక్కినాయి దీనికి" అనేసింది. నాకు నవ్వొచ్చింది. నెత్తికెక్కినా బాగుండేది, ఎక్కడో ఒకచోట ఉండేవి.

పోయిన చూపు తిరిగి రాదని, మిగిలిందాన్ని మాత్రం బాగా వాడుకోవచ్చని గుంతకల్లులో కంటి డాక్టరు చెప్పాడు. తెల్లటి వస్తువును నల్లటి దాని మీద, నల్లటిదాన్ని తెల్లటి దాని మీద పెట్టుకోమని అక్కడే ఒకామె కూర్చోబెట్టి నేర్పింది. అప్పటినుంచి ఉల్లిగడ్డలు పాత బడిపలక మీద తరుగుతున్నాను. గ్యాస్ స్టవ్ తిప్పేచోట కోడలి గోళ్ళరంగు చుక్క పెట్టించాను. నా పప్పుకూ సంగటికీ ఇప్పటికీ ఎవరూ వంక పెట్టలేదు. హాయిగానే ఉన్నాను.

ఒక్క విత్తనం దగ్గరే నా పొగరు అడ్డమొచ్చింది.

మాది ముదిగుబ్బ పక్కన చిన్న ఊరు. వానలకు ముందు చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, ఒలిచి, పుచ్చువి, ముడతలు పడ్డవి, పొట్టు ఊడినవి తీసేసి, గట్టి గింజలు విత్తనానికి ఉంచుతాం. సంచి మూతి కుట్టి, వాన పడేదాకా దాస్తాం. మా వైపు వానకు రెండోసారి వచ్చే అలవాటు లేదు. చెడ్డ గింజ విత్తితే ఆ చోటు ఆ ఏడాదికి ఖాళీయే. పెళ్ళయి వచ్చినప్పటినుంచి మా ఇంట్లో గింజలు ఏరే పని నాది. మూతి కుట్టే పని ఇప్పుడు కోడలిది.

ఈ ఏడు కూడా వీధి ఆడవాళ్ళతో కలిసి మా వసారాలో కూర్చున్నాను. తెల్ల పంచె పరుచుకుంటే గింజలు నాకు తెలుస్తాయి. కానీ అది పరిస్తే నా కళ్ళ సంగతి ఊరంతా దండోరా వేసినట్టే. అందుకని అందరిలాగే వెదురు చాటలో పోసుకున్నాను. ఎర్రటి గింజలు ఆ చాట రంగులో కలిసిపోయాయి.

మూడోరోజు మధ్యాహ్నం నీళ్ళకని వంటింట్లోకి వెళ్తే గలగల చప్పుడు. నేనేరిన గింజలు పళ్ళెంలో పోసి కోడలు మళ్ళీ ఏరుతోంది.

"ఏం చేస్తాండావు మే?"

"తప్పుగా అనుకోవద్దత్తా. దీంట్లో పుచ్చులుండాయి. మూడు దినాల్నుంచి ఏరుతాండా."

నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆ పూట అన్నం ముట్టలేదు. నిజానికి ఆమె మీద కాదు నా కోపం. ఇక నేను పనికిరానని నాకంటే ముందే ఇంట్లోవాళ్ళకు తెలిసిపోయిందని ఏడుపొచ్చింది.

మరుసటి రోజు పొద్దున అందరూ చూస్తుండగా పంచె తెచ్చి పరిచాను.

"ఏమక్కా, ఈ పంచె ఏమిటికి?" అంది ఎదురింటామె.

"చాటలో గింజ కనపడదు నాకు. కండ్లు పోయినాయి."

"అట్లనా" అని ఆమె తన గింజల్లో పడింది. ఇంతేనా అనిపించింది. ఈ మాత్రం దానికి మూడు రోజులు దొంగలా కూర్చున్నాను.

తెల్లగుడ్డ మీద గింజలు వేటికవి తెలిశాయి. అనుమానం వస్తే వేళ్ళు చెప్పాయి. ముడతపడ్డది గరుకుగా తగులుతుంది, పొట్టు ఊడింది జారిపోతుంది. కోడలు వచ్చి పక్కన కూర్చుని కాసేపు నా చేతులకేసి చూసింది.

సాయంత్రం సంచి నింపి ఆమెకిచ్చాను. ఆమె లోపలికి పట్టుకెళ్ళింది. నేను గోడకానుకుని చెవి అటే వేశాను. పళ్ళెంలో గింజలు పడే చప్పుడు వస్తుందేమోనని కాచుకున్నాను.

అది రాలేదు. దబ్బనం గోనెలో దిగి, దాని వెనకే పురికొస బరబరా సాగింది. గింజలు బయటికి తీయకుండానే కోడలు సంచి మూతి కుట్టేస్తోంది.