అమ్మ, పిన్ని, కల్బా తోట

నిన్న సాయంత్రం దుబాయ్ సత్వాలో మా వీధి చివరి కిరాణా కొట్టు ముందు కొత్త ఖర్జూరం దిగింది. సగం పసుపు, సగం గోధుమరంగు, ఇంకా రెమ్మలకే వేలాడుతున్న కాయలు. కొట్టతను ఒకటి తుంచి చేతిలో పెట్టి రుచి చూడమన్నాడు. పసుపువైపు కొరికితే కరకరలాడుతూ కాస్త వగరు, రెండోవైపు అచ్చం బెల్లంపాకం. తింటూ తింటూ నవ్వేశాను. బాగాలేదేమోననుకుని పాపం అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. బాగుందని చెప్పి ఒక పెట్టె కొన్నాను గానీ, ఎందుకు నవ్వానో అతనికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను? కొన్నేళ్ళ కిందట ఒక్క కాయ కూడా లేని ఖర్జూరం తోటలో నిలబడి మా అమ్మ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

ఆ ప్రయాణానికి అసలు కారకుడు మా ఆయన పనిచేసేచోటి ముదీరు, అంటే మేనేజరు. మా ఆయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో అల్యూమినియం కిటికీలు చేసే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఆ చలికాలం వాళ్ళ ముదీరు భార్యాపిల్లలతో ఏదో దేశం వెళ్ళి, బంధువుల ఇళ్ళలో దిగి, ద్రాక్షతోటలూ సముద్రతీరాలూ తిరిగొచ్చాడట. తోటలోనే వైన్ చేసి, అక్కడే గ్లాసుల్లో పోసి రుచి చూపిస్తారట. ఆ ఫొటోలు మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చూపించాడు. మా ఆయన ఇంటికొచ్చి, "మనకి మాత్రం చుట్టాలు లేరా, తోటలు లేవా, సముద్రం లేదా? కల్బాలో మూడూ ఒక్కచోటే ఉన్నాయి. ద్రాక్ష బదులు ఖర్జూరం, అంతే తేడా," అన్నాడు. చుట్టం అంటే మా పిన్ని. చిక్కల్లా అక్కడే ఉంది. ఎందుకంటే అప్పుడు మా అమ్మ విజిట్ వీసా మీద మా దగ్గరే ఉంది, అమ్మకీ పిన్నికీ రెండేళ్ళు దాటి మాటల్లేవు.

పిన్ని కొండలవతల తూర్పు తీరాన ఉన్న కల్బాలో ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. మా కోనసీమనుంచి అలా ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, పిన్నిలా ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఉండిపోయినవాళ్ళు తక్కువ. లాక్‌డౌన్ పెట్టిన వేసవిలో ఊళ్ళో మా అమ్మమ్మ పోయింది. విమానాలు లేవు. పిన్ని రాలేకపోయింది. పాస్టరుగారు ఫోన్లో ప్రార్థన చేశారు, పిన్ని వీడియోలో చూసింది, ఆ వీడియో కూడా మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత పిన్ని ఎప్పుడు ఫోన్ చేసినా అమ్మ ఫోన్ నాన్నకి ఇచ్చేసి పెరట్లోకి వెళ్ళిపోయేది. పిన్ని తప్పేముందని నేను ఎన్నిసార్లు అడిగినా, "నీకు తెలీదులే," అనేది. అమ్మమ్మ ఆఖరి రోజుల్లో ఏం మాట్లాడింది, ఏం తిన్నది, ఎలా పోయింది, ఇవేవీ పిన్నికి తెలియవు. నాకూ తెలియవు. ఊళ్ళోవాళ్ళు ఇంటి గడప తొక్కడానికి భయపడుతున్న రోజులవి. అమ్మమ్మ పక్కన చివరిదాకా ఉన్నది అమ్మ ఒక్కతే. చెప్పాలంటే ఆవిడే చెప్పాలి, ఆవిడ చెప్పదు.

మా ఆయన అల్లుడి హోదాని జాగ్రత్తగా వాడుకుని, "అత్తయ్యగారండీ, కల్బాలో మంచి తోట ఉందంట, సముద్రం కూడా ఉంది, చూసొచ్చేద్దామండీ," అని అడిగాడు. అమ్మకి అర్థం కాకుండా ఉంటుందా? కాసేపు కిటికీలోంచి ఎదుటి దర్జీ షాపు వైపు చూసి, "తోట చూస్తానండి. సముద్రం కూడా చూస్తాను. దాన్ని చూడ్డానికి మాత్రం రావట్లేదు, ముందే చెప్తున్నాను," అంది. "అబ్బే, తోటకేనండీ," అన్నాడు మా ఆయన, మహా గంభీరంగా. ఆ తోట పిన్ని పనిచేసే ఇంటి వెనకదే అన్న సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురం పైకి అనలేదు. ఇంకో సంగతి నాకు మాత్రమే తెలుసు. అమ్మ ఊరినుంచి తెచ్చిన పెట్టెలో, పచ్చళ్ళ సీసాల కింద, ఎండు రొయ్యల పొట్లం ఒకటుంది. మా ఆయనకి అవి పడవు. నేను తినను. మా కుటుంబంలో ఎండు రొయ్యలంటే ప్రాణం పెట్టే మనిషి ఒక్కతే, ఆవిడ ఉండేది కల్బాలో. మేమూ ఒక మలయాళీ కుటుంబమూ కలిసి ఉండే ఫ్లాట్ అది, చెరో గది, వంటిల్లు ఒకటే. ఆ వాసన పట్టుకుని పక్కగది ఆవిడ రెండుసార్లు వచ్చి ఆశగా అడిగినా అమ్మ ఒక్క రొయ్య కూడా ఇవ్వలేదు.

డిసెంబరు సెలవుల్లో పొద్దున్నే బయల్దేరాం. వెనక సీట్లో అమ్మ, నేను, మధ్యలో మా అమ్మాయి. ఇసుక దాటి కొండలు మొదలయ్యేసరికి అమ్మకి మాట పెగిలింది. "ఇన్ని కొండలుండి ఒక్క గడ్డిపరక లేదేంటే? ఎవరో గొరిగి పెట్టినట్టుంది," అంది. మసాఫీ దగ్గర రోడ్డుపక్క బజారులో ఆగాం. అక్కడ తివాచీలు, పళ్ళు, మొక్కలు అన్నీ అమ్ముతారు. అమ్మ ఒక కొబ్బరిబొండాన్ని చేతిలో తిప్పి చూసి, ఇది కేరళ కాయ, మన కాయకి ఇంత పీచు ఉండదు అని తేల్చేసి, అమ్మే పఠాన్‌కి తెలుగులోనే వివరించింది. అతను అంతా విని తల ఊపి, మా అమ్మాయికి ఒక నారింజ ఊరికే ఇచ్చాడు. కొండలు దిగాక, దూరంగా సముద్రం నీలంగా గీత గీసినట్టు కనపడగానే అమ్మ మళ్ళీ మాటలు ఆపేసింది. కొంగు సర్దుకుంది. సర్దిన కొంగునే మళ్ళీ సర్దుకుంది.

ఇల్లు పెద్దదే, పాతది. గేటు దగ్గర పిన్ని నిలబడి ఉంది. నేను గుర్తుపెట్టుకున్న పిన్ని కంటే చిన్నగా, లావుగా, తలకి గుడ్డ కట్టుకుని. మా అమ్మాయిని ఎత్తుకుంది, నన్ను కావలించుకుంది, మా ఆయన్ని కుశలం అడిగింది. అమ్మ కారు దిగి నేరుగా గేటు పక్కనున్న నిమ్మచెట్టుని చూస్తూ నిలబడింది. పిన్ని కూడా ఆ నిమ్మచెట్టునే చూసింది. అంతలో లోపలినుంచి ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. పిన్ని ఆవిడని "మామా" అని పిలుస్తుంది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళంతా పెద్ద యజమానురాలిని అలాగే పిలుస్తారు. అమ్మకి అది తెలియదు. నా చెవిలో, "ముసలావిడని పట్టుకుని మావంటదేంటే ఇది?" అంది. ఆ మామా ఎవరి పరిచయం కోసమూ ఆగలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, తన కర్రతోబాటు అమ్మనీ లాక్కుంటూ తోటలోకి నడిచింది. వెనక మేం.

ఖర్జూరం చెట్లు వరసగా ఉన్నాయి, మొదళ్ళ దగ్గర సన్నటి నీటికాలువ, మధ్యలో రెండు మామిడిచెట్లు. కానీ చలికాలం, ఒక్క గెల లేదు. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మా అమ్మ ఒక్కో చెట్టునీ కిందినుంచి మీదికి చూసి, చివరికి గొంతు తగ్గించి నన్ను అడిగింది. "ఇవి మన ఈతచెట్లకి చుట్టాల్లాగ లేవూ? మరి కల్లు తియ్యరా?" మా తాతయ్యకి ఈతకల్లంటే ఉన్న ప్రేమా, దానికోసం అమ్మమ్మతో ఆయన పడిన చీవాట్లూ మా ఇంట్లో అందరికీ కంఠతా. మా ఆయన అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. ముదీరు చూసిన తోటకీ మా తోటకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని ఆయన అనుకోలేదు. మామా ఆసక్తిగా పిన్నివైపు చూసి, మీ అక్క ఏమంటోందని అరబ్బీలో అడిగింది. పిన్ని మొహం ఎర్రబడింది. ఏదో చెప్పింది. చెట్లు బాగున్నాయంటోందని చెప్పానని తర్వాత నాతో అంది.

మామిడిచెట్టు కింద చాప పరిచి గహ్వా ఇచ్చారు. యాలకుల వాసనవేసే అరబ్బీ కాఫీ, చిట్టి గిన్నెలాంటి కప్పుల్లో. అమ్మ మర్యాదకోసం తాగింది. మామా మళ్ళీ పోసింది. పోసింది కదాని అమ్మ తాగింది. మళ్ళీ పోసింది. చేదుకి అమ్మ మొహం ముడుచుకుంటోంది, కానీ వద్దంటే ఏమనుకుంటారోనని తాగుతూనే ఉంది. మామా ఆనందంగా పోస్తూనే ఉంది. అవతల చాప అంచున కూచున్న పిన్ని ఇక ఉండబట్టలేకపోయింది.

"కప్పు ఊపక్కా! ఊపితే ఖలాస్ అని అర్థం. ఊపకపోతే ఈవిడ రేపటిదాకా పోస్తానే ఉంటాది."

అన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య పడిన మొదటి మాట అది.  అమ్మ కప్పువైపు చూసింది, పిన్నివైపు చూసింది, కప్పుని గట్టిగా, గంట మోగించినట్టు ఊపింది. "ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదే," అంది.

భోజనాలయ్యాక మామా పిన్నిని చేత్తో తోలినట్టు చేసి, "యల్లా, యల్లా," అంటూ మీ అక్కని సముద్రానికి తీసుకెళ్ళమని పంపేసింది. సముద్రం కారులో అంత దూరమేమీ కాదు. ఇసుక మీద పడవలు, వెనక కొండలు. అరబ్బు ఆడవాళ్ళు నల్లబట్టలతోనే నీటి అంచున కూచుని పిల్లల్ని ఆడిస్తున్నారు. మా ఆయన మా అమ్మాయిని అలల్లోకి తీసుకెళ్ళాడు. ఇంటినుంచి తెచ్చుకున్న చాప మీద మేం ముగ్గురం మిగిలాం. నేను లేచి వెళ్ళబోతే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

 పిన్నే అడిగింది, సముద్రంవైపు చూస్తూ. "అమ్మ నన్ను తల్చుకుందా అక్కా?"

"తల్చుకోకేం," అంది అమ్మ. గొంతులో కోపం వినపడింది, అసలైన కోపం. "అదే కదా నా బాధ. పదిరోజులు మంచంలో ఉంది. ఎత్తింది నేను, కడిగింది నేను. జావ పోస్తే ఉమ్మేసేది. పనసతొన కావాలంది. దుకాణాలన్నీ మూసేసేరు. మూతికి గుడ్డ కట్టుకుని ఊరంతా తిరిగితే, ఆఖరికి చెరువు అవతల ఒకరి పెరట్లో దొరికింది. తెచ్చి ఒలిచి నోట్లో పెట్టేను. ఒక్క తొన తింది. తిని ఏవందో తెలుసా? మిగిలింది చిన్నదానికి ఉంచవే, అది వచ్చేస్తాదంది. నేను పక్కనుంటే, నువ్వు తిన్నావా అని నన్నడగలేదే. నీకు ఉంచమంది."

అలలు వచ్చి పోతున్నాయి. పిన్ని మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుంది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది. "ఉంచేవా?"

"ఉంచేను. నీమీద కోపంతోటే ఉంచేను. ఆవిడ పోయాక కూడా పారెయ్యబుద్ధి కాలేదు. కుళ్ళిపోయి చీమలు పట్టేక పారేసేను. పారేసి, దానికోసం మళ్ళీ ఏడ్చేను." అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు రాలేవని నాకు తెలీదా? తెలుసు. ఊళ్ళో ఒక్కరు రాలేదు, ఏడుద్దామంటే పక్కన మనిషి లేదు. ఎవరిమీద పడనే? నువ్వు దొరికేవు."

పిన్ని ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే అమ్మ ఒళ్ళో తల పెట్టేసింది. యాభై దాటిన పిన్ని, అరవై దాటిన అమ్మ, కల్బా సముద్రం ఒడ్డున. ఆ తర్వాత అమ్మ ఒక్కొక్కటే చెప్పింది. అమ్మమ్మ ఏ పాట పాడించుకుంది, ఏ చీర కట్టారు, మోయడానికి వచ్చిన నలుగురెవరు. పిన్ని మధ్యమధ్యలో, మళ్ళీ చెప్పు, అంటే మళ్ళీ చెప్పింది. నా మోచెయ్యి ఎప్పుడు వదిలేసిందో తెలియదు. పిన్ని కూడా చెప్పింది. అమ్మమ్మ పోయిన కబురు తెలిసిన రోజు వంటింట్లో నేలమీద కూలబడిపోతే, మోకాళ్ళు వంగని ఆ మామా కింద కూచుని, పొద్దుపోయేదాకా తన చెయ్యి వదల్లేదట. ఆ ఇంట్లో ఆరోజు పొయ్యి వెలిగించనివ్వలేదట. "మన భాష రాకపోయినా నాతోపాటు ఏడిసిందక్కా. నాకు అంతే దక్కింది," అంది.

తిరిగి ఇంటికి వచ్చాక అమ్మ కారు దిగి సరాసరి మామా దగ్గరికి వెళ్ళింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నా చెల్లెలికి అమ్మ లేనప్పుడు మీరున్నారంట," అని తెలుగులోనే చెప్పి, పిన్నివైపు తిరిగి, "చెప్పవే," అంది. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది. మామా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పిన్నిదగ్గర ఇన్నేళ్ళలో నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగుమాట అమ్మతో అంది. "తిను," అంది. ఖర్జూరం పళ్ళెం ముందుకు జరిపింది. అమ్మ తిన్నది. అప్పుడు లేచి కారులోంచి ఎండు రొయ్యల పొట్లం తెచ్చి, అదేదో దారిలో దొరికినట్టు, పిన్ని ఒళ్ళో పడేసింది.

ఆ సాయంత్రం మేం ముగ్గురమే సత్వాకి తిరిగొచ్చాం. మామా వెళ్ళనివ్వలేదన్న వంకతో అమ్మ అక్కడే ఉండిపోయి, వీసా అయిపోవచ్చే ముందు వచ్చింది. వచ్చేటప్పటికి గహ్వా అలవాటైపోయింది, కప్పు ఊపడం మాత్రం మానేసింది. ఇప్పుడు అక్కాచెల్లెళ్ళు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. కూరలో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర పోట్లాడుకుని ఫోన్ పెట్టేస్తారు, పెట్టేసిన కాసేపటికే మళ్ళీ చేసుకుంటారు. ఇన్ని మాటలు మిగిల్చుకుని అన్నాళ్ళు ఎలా ఉన్నారా అనిపిస్తుంది నాకు. పోయిన ఆ రెండేళ్ళు వాళ్ళకి ఎవరూ తిరిగివ్వలేరు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకేనేమో, ఉన్న రోజుల్ని ఇద్దరూ కలిసి ఇంత పొడుగ్గా వాడుకుంటున్నారు.