కోళ్ళెన్ని మల్లన్నా?

1949లో నేను సూర్యాపేట ధాన్యం గంజ్‌లో ఒక ఆడ్తి దుకాణంలో గుమాస్తాను. ఆడ్తి అంటే పెద్ద విద్యేమీ కాదు. రైతు వడ్లు తెస్తాడు, వ్యాపారి కొంటాడు, మధ్యన కూర్చున్నందుకు మేము కమీషన్ తీసుకుంటాం. ఇద్దరూ తిట్టేది మమ్మల్నే కాబట్టి ఆ కమీషన్ న్యాయమైనదే.

ఆ రోజు పొద్దున్నే ముసురు పట్టింది. కొలత ఆపేశాం. మిర్యాలగూడ మిల్లుకు పోవలసిన బండ్లు వాకిట్లో తడుస్తున్నాయి. షెడ్డు కింద వడ్ల రాశి చుట్టూ చేరిన జనం పేకాటకు దిగకముందే నేను మా చెల్లెలి మూడో తరగతి లెక్కల పుస్తకం తీశాను. వానరోజుల్లో మాకది అలవాటైన వినోదం. తలపాగాలు చుట్టిన పెద్దమనుషులు మామిడిపళ్ళు పంచే లెక్కల మీద కొట్టుకునేంత పని చేసేవారు. పళ్ళు మాత్రం ఎవరికీ దక్కలేదు.

కుంచంతో వడ్లు కొలిచే మల్లన్న వరసగా లెక్కలన్నీ విప్పి మీసం దువ్వాడు. కోదాడ నుంచి వచ్చిన వ్యాపారి సుబ్బారావు గారికి ఆ దువ్వుడు నచ్చలేదు.

"ఇంకొక్కటి విప్పు చూద్దాం. గెలిస్తే ఒక బస్తా నా నెత్తిన మోసి బండెక్కిస్తాను. తప్పితే ఆ మీసం తీసెయ్యాలి. జవాబు ఒక్కసారే!"

"సరే సేటూ. గీ మీసం మీద శానామంది కన్నున్నది."

అనడం అన్నాడు గాని, మర్నాడు కొడుక్కు సంబంధం మాట్లాడడానికి అతను చివ్వెంల పోవాలి. మా వైపు మీసం తీసేది తల్లో తండ్రో పోతేనే. బోడిమూతితో పోతే ఆడపిల్లవారు పరామర్శించి పంపేస్తారు.

లెక్క నేను చదివాను. "గొర్లు, కోళ్ళు కలిపి తలలు పది. కాళ్ళు ఇరవై ఆరు. కోళ్ళెన్ని మల్లన్నా?"

మల్లన్న కళ్ళు మూసుకున్నాడు. "అన్నీ కోళ్ళే అనుకో, ఇరవై కాళ్ళు. ఇంక ఆరు మిగిలినయ్. గొర్రెకు రెండు కాళ్ళెక్కువ గద, అంటే గొర్లు మూడు. కోళ్ళేమో..." కళ్ళు తెరిస్తే ఎదురుగా రాశి. "ఆర్నొకటి!"

సుబ్బారావు గారు గంతేశారు. "ఆరన్నాడండీ! ఆరు తప్పు! తర్వాత ఒకటన్నాడు, అదీ తప్పే! మంగలిని పిలవండి!"

వడ్ల రాశి ముందు "ఏడు" అనకూడదు. ఏడవమన్నట్టు ఉంటుంది, రాశికి అరిష్టం. అందుకే కొలిచేవాళ్ళు ఆరు తర్వాత "ఆర్నొకటి" అని ఎనిమిదికి పోతారు.

"గా మాట వడ్ల ముందట నా నోట రాదు సేటూ!" అన్నాడు మల్లన్న.

"ఇది కొలత కాదు, పందెం! లెక్క లెక్కేనండీ!"

తీర్పు చెప్పమని అందరూ నావైపు తిరిగారు. సుబ్బారావు గారు మా యజమానికి పెద్ద బేరం. న్యాయం చెబితే నా కొలువు పోతుంది, చెప్పకపోతే మల్లన్న మీసం. నాకింకా మీసం సరిగా రాలేదు కాబట్టి కొలువు మీదే మమకారం ఎక్కువ.

"సేటు గారూ, తీర్పుకు ముందుగాల సరైన జవాబు మీ నోటితోనే గట్టిగ చెప్పుండ్రి. అందరు వినాలె," అన్నాను.

"దానికేం భాగ్యం!"

ఆయన గుండెనిండా గాలి పీల్చి నోరు తెరిచారు. ఎదురుగా రాశి. పొద్దున్నే ఆయన కొన్నది, ఇంకా కొలవనిది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. "ఏ..." అన్నారు. మళ్ళీ రాశిని చూశారు.

"ఆరున్నొక్కటి," అన్నారు మెల్లగా.

గంజ్ గొల్లుమంది. హమాలీలు తలపాగాలు ఎగరేశారు. వాన తెరిపివ్వగానే మల్లన్న బస్తా ఎత్తి ఆయన నెత్తిన పెట్టి, సగం బరువు వెనకనుంచి తానే పట్టాడు. "జర పైలం సేటూ, బురదున్నది!" మర్నాడు చివ్వెంలలో సంబంధం ఖాయమైంది. పిల్ల తండ్రి మెచ్చింది మీసాన్నేనని మల్లన్న బతికినన్నాళ్ళూ అనేవాడు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. పెద్దమనిషికి వ్యతిరేకంగా తీర్పు చెప్పవలసి వస్తే, దాన్ని ఆయనచేతే చెప్పించాలి. న్యాయమూ జరుగుతుంది, జీతమూ వస్తుంది.