ఉదయగిరి దుర్గం మీద ఇసుక ఊరి నడక

మా మనవరాలు విశాలాక్షిని టీచరు ట్రైనింగుకు నెల్లూరు పంపాలా వద్దా అన్నది ఇంట్లో ఎంతకీ తేలకపోవడంతో మేము ఉదయగిరి దుర్గం ఎక్కవలసి వచ్చింది. మాది ముత్తుకూరుకు తూర్పున సముద్రపు ఒడ్డు ఊరు. పిల్ల ఎస్సెల్సీ ప్యాసైన ఏడాదే టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. జ్వరం పోయి చాలా కాలమైనా, వాళ్ళ నాన్న, అంటే మా పెద్దవాడు సుబ్బరామయ్య దృష్టిలో మాత్రం పిల్ల ఇంకా మంచం మీదే ఉంది. "ఆ ఒంటితో హాస్టల్లో ఎట్లుంటాదమ్మా? పడిపోతే ఎత్తేదానికి ఎవురుండారు?" అన్నాడు. "ఉదయగిరి దుర్గం ఎక్కి దిగితే పంపిస్తావా?" అని అడిగాను. వాడు నవ్వాడు. "ఎక్కి, దిగి, బస్సు దాకా తన కాళ్ళ మీద నడిచొస్తే పంపిస్తా. మధ్యలో డోలీ కట్టాల్సొస్తే మాత్రం ఈ ట్రైనింగు మాట నువ్వు మళ్ళా ఎత్తకూడదు." సరేనన్నాను.

ఆ కొండ పేరే చెప్పడానికి కారణముంది. నా చిన్నప్పుడు మా నాన్నగారి ఉద్యోగం ఉదయగిరిలో. ఒకసారి అందరితో కలిసి సగం దాకా ఎక్కాను. ఆడపిల్లకు ఇంతవరకు చాలని అక్కడి నుంచి దించేశారు. మిగతా సగం యాభై ఏళ్ళుగా నా మనసులో ఉండిపోయింది. పైగా పందెం గుడ్డిగా కాయలేదు. మా ఊరికీ సముద్రానికీ మధ్య ఎత్తైన ఇసుక దిబ్బలున్నాయి. దిబ్బలకు అవతల సరుగుడు తోటలు. రాలిన సరుగుడు ఆకు పొయ్యిలోకి తెచ్చుకోవడం మా ఊరి ఆడవాళ్ళ పని, మగవాళ్ళు అటు పోరు. పిల్లకు పత్యం విడిచిన వారం నుంచి రోజూ తెల్లవారగానే గంప నెత్తిన పెట్టి పంపించాను. కోడలు కన్నీళ్ళు పెట్టుకుంది. నేను మానిపించలేదు.

మాఘమాసం ఈ ప్రయాణానికి మంచిది. శివరాత్రి దాటితే బండ కాలుతుంది. నేను, విశాల, సుబ్బరామయ్య ముగ్గురం ముత్తుకూరు నుంచి మొదటి బస్సుకు నెల్లూరు చేరి, అక్కడ ఇడ్లీ తిని, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి పోయే బస్సెక్కాము. టిక్కెట్టు మనిషికి రెండు రూపాయల నలభై నయా పైసలు. ఆత్మకూరు దాటాక దుమ్ము రోడ్డు, కాబట్టి కుడివైపు కిటికీ పక్కన కూర్చోకండి, ఎదురొచ్చే లారీల దుమ్మంతా మొహాన పడుతుంది. సాయంత్రానికి ఉదయగిరి చేరి, నాన్నగారి కాలం నాటి తెలిసినవారింట దిగాము. వాళ్ళే మాకు తోడుగా ఫాతిమా బీని మాట్లాడి పెట్టారు. ఆమె భర్త చెక్క గరిటెలు చెక్కుతాడు. అందుకు కావలసిన కర్ర కోసం ఆమె తరచూ కొండెక్కుతుంది. కూలి రెండు రూపాయలు, మధ్యాహ్నం అన్నం మాది.

తెల్లవారుతుండగా బయలుదేరాము. మొదట పాత మెట్లు, తర్వాత ముళ్ళపొదల మధ్య కాలిబాట, ఆ తర్వాత వట్టి బండ. బండ మీద పది అడుగులు వేశామో లేదో ఫాతిమా బీ వెనక్కి తిరిగి పకపకా నవ్వింది.

"ఏందమ్మా, ఇద్దురూ బండను తవ్వతా ఉండారు? కింద మీవోళ్ళేమన్నా పూడ్చిపెట్టినారా?"

చూసుకుంటే నిజమే. ఇసుకలో వేళ్ళు దించితేగానీ మాకు అడుగు పడదు. రాతి మీద కూడా అలాగే వేళ్ళు వంచి నొక్కుతున్నాము. అప్పటికే విశాల బొటనవేలి గోరు చిట్లింది.

"మా ఊళ్ళో వేళ్ళు దించకపోతే ఎనక్కి జారిపోతామక్కా," అంది విశాల.

"ఇది మీ ఊరు కాదు గదమ్మా. పాదం పరిచిపెట్టు. బండ యాడికీ పోదు."

సుబ్బరామయ్య చిట్లిన గోరు చూశాడు. "దిగిపోదామా, అమ్మాయ్?" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, భయమే ఉంది. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. "గోటితో ఎక్కడం లేదు, కాళ్ళతో ఎక్కుతోంది," అన్నాను. విశాల ఏదో చెప్పబోతే, "మాటలు పైకి పోయాక. ఊపిరి దాచుకో," అని ముందుకు నడిపించాను.

కోట గోడలో కూలిన గుమ్మం ఒకటి వచ్చింది. చిన్నప్పుడు నన్ను ఆపేసిన చోటు అదే. అందరూ అక్కడ కూర్చోబోయారు. నేను గుమ్మం దాటి అవతల కూర్చున్నాను.

ఆ పైన కాలు పెడితే జారే గులకరాళ్ళతో నిండిన ఏటవాలు ఉంది. చేతులు ఆనించి పాకుతూ ఎక్కాము. ఎండ ముదరకముందే శిఖరం చేరాము. పాత మసీదు గోడ నీడలో నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం తిన్నాము. పడమట వెలిగొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా, తూర్పున చెరువులు, పైర్లు. ఇంకా దూరంగా తెల్లటి గీత ఒకటి కనిపించింది. "అవ్వా, మన సముద్రం!" అంది విశాల. వాళ్ళ నాన్న మంచు అన్నాడు. నాకు తెలియనిది తెలిసినట్టు రాయను. గీత మాత్రం ఉంది.

కష్టమంతా దిగడంలోనే ఉంది. గులక ఏటవాలుకు వచ్చేసరికి సుబ్బరామయ్య పొలంలో దిగినట్టు నేరుగా, ముందుకు వంగి దిగాడు. కాలికింద గులక కదిలింది. వెల్లకిలా పడి, బారెడు దూరం జారి, ఒక పొదను పట్టుకుని ఆగాడు. పంచె చిరిగింది, మోచేతులు గీరుకున్నాయి. ఎముకలకేమీ కాలేదుగానీ లేవడానికి ధైర్యం చాలలేదు. ఫాతిమా బీ కిందికి చూసి, "పెద్దాయన గట్టిగా భయపడినాడు. నేను పోయి డోలీకి మనుషుల్ని పిల్చుకొస్తా," అంది.

డోలీ అన్న మాటకు నేనూ వాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

"వద్దక్కా," అంటూ విశాల ముందుకు వచ్చింది. ఏటవాలుకు అడ్డంగా తిరిగి, మడమ గుచ్చి, ఒళ్ళు వెనక్కి వాల్చి, ఒక్కో అడుగుకూ గులకను కొంచెం జారనిచ్చి, ఆగాక మరో అడుగు వేస్తూ తండ్రి దగ్గరికి చేరింది. ఆకుగంప నెత్తిన పెట్టుకుని దిబ్బ దిగే తీరు అది. "నాయనా, నా భుజం పట్టుకో. కిందికి చూడొద్దు. జారితే జారనీ, ఒళ్ళు బిగబట్టొద్దు."

"నువ్వు పడతావే!"

"రోజూ గంప మోసేదాన్ని. నువ్వు గంప కంటే బరువేగానీ, మాటింటావు."

వాడు లేచాడు. ఇద్దరూ అంచెలంచెలుగా దిగారు. వాళ్ళ వెనక నేనూ అలాగే దిగాను. ఫాతిమా బీ కాసేపు చూసి, "ఈ నడక మాకు రాదమ్మా," అని తానూ అడ్డంగా తిరిగి ప్రయత్నించి, రెండుసార్లు కూలబడి నవ్వుకుంది.

మూడు గంటల బస్సు అందింది. కండక్టరు మావాడి పంచె చూసి, "ఏంది పెద్దాయనా, కొండ మీద నుంచి దొర్లినారా?" అన్నాడు.

"దొర్లింది నేను. నా కూతురు నడిచి దిగింది," అన్నాడు వాడు, బస్సులో అందరికీ వినబడేట్టు. "జూన్‌లో టీచరు ట్రైనింగుకు పోతా ఉంది."

పందెం సంగతి నేను గుర్తు చేయలేదు. చేయవలసిన అవసరమే రాలేదు. విశాల నా భుజం మీద తల వాల్చబోతే, నిటారుగా కూర్చోమన్నాను.

ఇంటికొచ్చి చాలా రోజులైనా నా మోకాళ్ళు ఇంకా ఆ కొండను మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. ఈ వయసులో నాకు మిగిలిన సగం దక్కింది, పిల్లకు ముందున్న దారి తెరుచుకుంది. మా ఆడవాళ్ళు పొయ్యిలోకి ఆకు తెచ్చే నడకను ఇన్నాళ్ళూ ఎవరూ ఒక విద్య అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను, గర్వంగానే చెబుతున్నాను. దుర్గం వెళ్ళదలచినవారికి ఒక్క సలహా: బండ మీద పాదం పరిచి నడవండి, గులకలో అడ్డంగా తిరిగి మడమ గుచ్చి దిగండి. చేతకాకపోతే, సముద్రపు ఒడ్డు ఆడపిల్లను ఒకరిని వెంట తీసుకువెళ్ళండి.