సెట్టు ప్లాస్టర్‌తో పోసిన అంగిలి

పక్క ఫ్లాటులో ఫాల్స్ సీలింగ్ వేస్తున్నారు. పొద్దున్నుంచీ బకెట్లో ప్లాస్టర్ కలుపుతున్న చప్పుడు, గోడ దాటి వచ్చే తడి సుద్ద వాసన. ఆ వాసన తగలగానే నా కాళ్ళు వాటంతటవే లేచి హాలు చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశాయి. మా ఆవిడ దీన్ని బీపీ అంటుంది. కాదు, ఇది మల్లేశం గారు. "కూసోండ్రి డాక్టర్ సాబ్, ఇంకా గరమ్ ఉన్నది" అంటున్నట్టే ఉంది.

మల్లేశం గారు కృష్ణానగర్‌లో కట్టుడు పళ్ళు చేసేవారు. మూడో అంతస్తులో ఒక్క గది ఆయన ల్యాబు. ఒక బల్ల, ఒక గ్యాస్ పొయ్యి, దాని మీద పళ్ళ సెట్లు ఉడికే గిన్నె, అరల నిండా ఎవరివో వెయ్యిన్నొక్క దవడలు. చుట్టుపక్కల గదుల్లో అద్దెకున్న డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు అద్దం ముందు నవ్వడం ప్రాక్టీసు చేస్తుంటే, ఈయన ఏ హడావుడీ లేకుండా నవ్వులు తయారు చేసేవారు. నేను అప్పుడే ఫిల్మ్‌నగర్‌లో క్లినిక్ తెరిచిన కొత్త డెంటిస్టుని. ఐటీ ఊరి మీద పడ్డ రోజులవి. హైదరాబాదులో కదలకుండా నిలబడ్డవి ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలొక్కటే. అవి కూడా అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగు సీటు దొరక్క ఆగాయని నా అనుమానం. నా క్లాస్‌మేట్లు ఇద్దరు పళ్ళు వదిలేసి సాఫ్ట్‌వేర్‌లోకి దూకారు. నేనూ అక్కడే సాయంత్రం ఆరింటి క్లాసులో చేరాను. పేషెంటు నోట్లో అద్దం పెట్టి గోడ గడియారం వైపు చూసే డాక్టరు ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు, ఆ ఒక్కడూ నేనే.

పేషెంటు నోటి అచ్చు తీసుకెళ్తే, మల్లేశం గారు డెంటల్ స్టోన్ అనే పసుపుపచ్చ పొడిని తూచి, నీళ్ళు కొలిచి, కలిపి అందులో పోసేవారు. పోసిన అచ్చుని నా అరచేతిలో పెట్టేవారు. గట్టిపడేటప్పుడు అది ముందు వేడెక్కుతుంది, తర్వాత చల్లబడుతుంది. చల్లబడేదాకా విప్పకూడదు. విప్పితే వచ్చే నోటి నకలే మోడల్, దాని మీదే పళ్ళ సెట్టు తయారవుతుంది. ఆ ముప్పావుగంటలో నేను మనసులో మూడు కంప్యూటర్ భాషలు నేర్చుకుని, మూడూ మర్చిపోయేవాణ్ణి.

"మామూలు ప్లాస్టర్ అయితే పది నిమిషాల్లో అయిపోతుంది కదండీ," అన్నానొకసారి.

"గోడకైతే గా ప్లాస్టర్ చాలు సాబ్. సెట్టు అంగిట్ల నిలబడేది గోందుతోని కాదు, ఉమ్మితోని. ఉమ్మి పొర ఎంత పల్చగుంటే గంత పట్టు. ఎంట్రుకంత సందు దొరికినా గాలి జొరబడ్తది, సెట్టు ఊడ్తది."

తల ఊపాను. తల ఊపడానికి అర సెకను చాలు.

విశ్వేశ్వరం గారు ఒకప్పుడు తండ్రి వేషాలు వేసిన నటుడు. పళ్ళన్నీ పోయాక వేషాలూ పోయాయి. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక జడ్జి వేషం వచ్చింది, పేజీన్నర తీర్పుతో సహా. కట్టుడు పళ్ళ కోసం నా దగ్గరికి వచ్చారు. "ఇది జారిపోతే ఇక నాకు గుంపులో నిలబడే వేషమే గానీ నోరు తెరిచే వేషం రాదండీ," అన్నారు. ఆఖరి అచ్చు తీసేసరికి అయిదున్నర. క్లినిక్‌లో స్టోన్ డబ్బా ఖాళీ. తెల్లారేదాకా ఆగితే అచ్చు వంకరపోతుంది. కృష్ణానగర్ వెళ్తే ఆరింటి క్లాసు పోతుంది. క్లినిక్ ఎదుటి షెడ్డులో ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు సినిమా సెట్టుకి రాజమహలు స్తంభాలు పోస్తున్నారు. ఒక డబ్బాడు ప్లాస్టర్ అడిగి తెచ్చాను. కంటి కొలతతో నీళ్ళు పోశాను, త్వరగా బిగుసుకోవాలని చిటికెడు ఉప్పు వేశాను. తెల్లగా ఉంటే మల్లేశం గారు పట్టేస్తారని, సెట్టు పెయింటరు దగ్గర కాస్త పసుపు రంగు తీసుకుని అదీ కలిపాను. తొమ్మిది నిమిషాల్లో మోడల్ ఊడదీసి ఆటోలో ల్యాబుకి పంపేసి క్లాసుకి పరిగెత్తాను. ఆ రోజు పాఠం, కంప్యూటరుని సరిగ్గా ఆపడం ఎలా.

కొత్త పళ్ళు పెట్టుకుని షూటింగుకి వెళ్తూ విశ్వేశ్వరం గారు నన్నూ తీసుకెళ్ళారు. కోర్టు సెట్టు, నల్లకోటు, నిశ్శబ్దం. "ఈ న్యాయస్థానం" అనగానే పై పళ్ళ సెట్టు ఊడి కింది సెట్టు మీద టక్కున పడింది. "క్లాప్ మళ్ళీ ఎవరు కొట్టారు?" అన్నాడు డైరెక్టరు. రెండో టేకులో పెద్దాయన సెట్టుని నాలుకతో ఎత్తిపట్టి చదివారు. తీర్పు పెసరట్టు నములుతూ చెప్పినట్టుంది. "ఎల్లుండి చూద్దాం. కుదరకపోతే ఇంకెవరినైనా పెట్టండి," అని డైరెక్టరు అసిస్టెంటుతో అన్న మాట మా ఇద్దరికీ వినబడింది.

అక్కణ్ణుంచి నేరుగా ల్యాబుకి వెళ్ళాం. మల్లేశం గారు సెట్టు లోపలివైపు బొటనవేలితో తడిమి, నా వంక ఒక్కసారి చూసి, విశ్వేశ్వరం గారి వైపు తిరిగారు.

"తప్పు నాది సార్. గోరు పెడితే మోడల్ రాలింది. రంగు చూసి స్టోనే అని నమ్మి చేసేసిన. ఆపాల్సింది."

"పర్లేదు లెండి మల్లేశం గారూ," అని పెద్దాయన స్టూలు మీద కూలబడ్డారు.

నాకు ఆరింటికి క్లాసు. తలుపు తెరిచే ఉంది. నా తప్పు మోయడానికి ఒక మనిషి ఒప్పుకున్నాడు కూడా. రెండు మెట్లు దిగాను. మూడో మెట్టు మీద కాలు పడలేదు. వెనక్కి వచ్చి చెప్పాను.

"ఆయన తప్పేం లేదండీ. సెట్టు ప్లాస్టర్‌తో పోసింది నేను. రంగు కలిపిందీ నేనే."

విశ్వేశ్వరం గారు స్టూలు మీంచి నా వైపు తిరిగారు. "ఏ సెట్టు?"

"రాజమహలు స్తంభాలండీ."

"అదా సంగతి. నా నోట్లో రాజ్యమే కూలింది," అన్నారు. నవ్వలేదు.

మల్లేశం గారు కూడా తిట్టలేదు. "చేతులు కడుక్కోండ్రి సాబ్, అచ్చు మల్ల తీద్దాం," అన్నారంతే. తీశాను. ఆయన స్టోన్ కలుపుతూ, నా మొహం చూడకుండా చెప్పారు. "పొడి తాగేది కొన్ని నీళ్ళే. మిగిలినయి ఆరిపోతయ్, ఆరిన జాగల బొక్కలుంటయ్. గసొంటి మోడల్ మీద సెట్టు చేసే ప్లాస్టిక్ పిండి పెట్టి ప్రెస్సుల బిగిస్తే, మోడల్ అరుగుతది. అరిగిన అంగిలికి సెట్టు కరెక్టుగ వస్తది. మనిషి అంగిలికి రాదు." పోసిన అచ్చు నా అరచేతిలో పెట్టారు. అది మెల్లగా వేడెక్కింది. ఎదురుగా పెద్దాయన బోసినోటితో తీర్పు వల్లె వేస్తున్నారు. బల్ల కింద నా కాళ్ళు అమీర్‌పేట దాకా వెళ్ళి వచ్చాయి. చెయ్యి కదపలేదు.

ఎల్లుండికి కొత్త సెట్టు తయారైంది, తీర్పు ఒక్క టేకులో అయిపోయింది. డైరెక్టరు కట్ చెప్పినా విశ్వేశ్వరం గారు ఆగలేదు. ముద్దాయికి రాయని శిక్షలు కూడా వేశారు. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "ఇది ఊడదీయడం ఎలాగండీ?" అని అడిగారు.

మల్లేశం గారు ఇప్పుడు లేరు. నేను నేర్చుకోకుండా వదిలేసిన కంప్యూటర్లు మాత్రం వాటంతటవే నా క్లినిక్‌కి వచ్చి నోళ్ళు స్కాన్ చేస్తున్నాయి. అయినా మొత్తం సెట్టు అయితే స్టోన్ నేనే తూస్తాను, నేనే పోస్తాను. పొద్దున క్లినిక్‌కి బయల్దేరేముందు ఉండబట్టలేక పక్క ఫ్లాటుకి వెళ్ళి, నీళ్ళు కొలిచి పోస్తున్నావా అని మేస్త్రీని అడిగాను. "సీలింగే కద సార్," అన్నాడు. నిజమే. సీలింగు ఏ తీర్పూ చదవక్కర్లేదు.

క్లినిక్‌లో ఈ మధ్యాహ్నం ఒక టీచరమ్మ అంగిలి నా అరచేతిలో ఉంది. ఫోను మోగుతోంది, బయట నలుగురు కూర్చున్నారు, నా కాళ్ళు బల్ల కింద పరుగు మొదలుపెట్టాయి. ఇంకా గరమ్ ఉన్నది.